పొయ్యి దాకా వెళ్లిన ఓక్ మొక్కలు

జనవరి ఆరో తేదీ ఉదయం జగోర్కా వేసుకున్న పథకంలో ఎక్కడా తొందర లేదు. ముందు చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టాలి. రొట్టె పిండి కలిపి మూత వేయాలి. ఏటి ఒడ్డుకు వెళ్లి మాంసం, వెన్న ముట్టని ఉపవాసపు రాత్రికి చేపలు తెచ్చుకోవాలి. పది గంటలకు అటవీ నర్సరీ వాన్ వస్తే ఓక్ మొక్కలు దించుకుని, నేలమాళిగలో తడి ఇసుకలో వేళ్లు కప్పి ఉంచాలి. పండగ వెళ్లాక తీరిగ్గా కొండ మీద నాటుకోవచ్చు.

జగోర్కా క్రివా స్ట్రానా ఊరి ఆర్థడాక్స్ చర్చి ఫాదర్ గవ్రిలో గారి భార్య. ఆ చర్చిలో ఫాదర్లు పెళ్లి చేసుకుంటారు. ఊళ్లో ఆయన మాట ఆదివారం ఒక్కరోజే చెల్లుతుంది. మిగతా ఆరు రోజులూ ఆవిడదే. కిందటి వేసవి వానలకు చర్చి వెనకాల కొండ జారి, మట్టంతా శ్మశానం గోడ మీదికి వచ్చి పడింది. రెండు సమాధులు పక్కకు ఒరిగాయి. కొండ ఎందుకు జారిందో అందరికీ తెలుసు, పైకి అనరు. పాత క్యాలెండరు ప్రకారం ఇక్కడ క్రిస్మస్ జనవరి ఏడున. ఏటా దాని ముందు రాత్రి ప్రతి ఇంటి పొయ్యిలోనూ ఒక లేత ఓక్ కొమ్మ కాలాలి. ఎండిన ఆకులు రాలకుండా అంటిపెట్టుకుని ఉన్న ఆ కొమ్మను బద్న్యాక్ అంటారు. తాతల నాటి నుంచీ ఊరంతా ఆ కొండ మీదే నరుక్కుంటూ వచ్చింది. ఇక అక్కడ మిగిలింది ముళ్ల పొదలూ, మేకలూ.

అందుకని ఈ ఏడు ఆవిడ చర్చి సభలో గట్టిగా చెప్పింది. ఎవరూ కొండెక్కకూడదు. చర్చి ముందు ఒకే ఒక పెద్ద బద్న్యాక్ కాల్చుకుందాం, ఊరందరికీ అదే చాలు. ఊరు తల ఊపింది, మనసులో తిట్టుకుంది. అందరికంటే గట్టిగా, అదీ పైకే తిట్టింది ఒబ్రాద్. ప్లమ్ పళ్ల సారా కాచేవాడు, నోరు ఊరుకోనివాడు. ఫాదర్ గవ్రిలో మాత్రం ఏమీ అనలేదు. నిట్టూర్చాడు. అరగలేదేమో అనుకుని జగోర్కా ఆయనకు పుదీనా టీ కాచి ఇచ్చింది.

చేపలు పట్టుకుని తిరిగి వస్తుంటే ఊరి మొదట్లోనే ఎవరో చేయి పట్టుకుని ముద్దు పెట్టుకున్నారు. "మీ కడుపు చల్లగుండ, అమ్మగారూ!" అన్నారు. నాలుగడుగులు వేయగానే ఇంకొకావిడ కిటికీలోంచి, "మీరు బయటికే గట్టి, లోపలంతా వెన్న!" అని అరిచింది. పొద్దున్నే వెన్న ప్రస్తావన ఎందుకొచ్చిందో, అదీ ఉపవాసం రోజున, జగోర్కాకు అర్థం కాలేదు. ఇంతలో కోడె వయసు కుర్రాడొకడు సైకిల్ మీద ఎదురొచ్చాడు. వెనకాల కట్టి ఉన్నది ఎండిన ఆకులున్న సన్నటి ఓక్ పుల్ల. అడుగున గడ్డి చుట్టి ఎర్రదారం కట్టారు.

"ఒరే ఆగు! ఎక్కడ నరికావురా దాన్ని?"

"నరకడమేంటమ్మగారూ, మీరిచ్చిందేగా!" అని కుర్రాడు నవ్వుకుంటూ పోయాడు.

జగోర్కా చేపల సంచీతో చర్చి దాకా పరుగెత్తింది. చర్చి గేటు దగ్గర మిలెంతియె చీపురుతో గడ్డిపరకలు ఊడుస్తున్నాడు. గంట కొట్టడం, కొవ్వొత్తులు అమ్మడం, చెప్పని పని కూడా చేసి పెట్టడం ఆయన ఉద్యోగం.

"మిలెంతియె, నర్సరీ వాన్ వచ్చిందా?"

"తొమ్మిదికే వచ్చిందమ్మగారూ. డ్రైవరు ఇంటికెళ్లి రేపటి విందుకు పందిని కాల్చుకోవాలట, కాలు నిలవడం లేదు. పండగ కొమ్మలు దించేసి పోయాడు."

"అవి పండగ కొమ్మలు కావయ్యా, మొక్కలు! నాటే మొక్కలు!"

మిలెంతియె చీపురు ఆపాడు. "అదా సంగతి! ఇదేంటి, అడుగున గడ్డాలున్నాయి అనుకున్నాను. చూడ్డానికి బాగాలేదని గడ్డి చుట్టి దారం కట్టాను. కత్తిరిద్దామనే అనుకున్నా, కత్తెర కనపళ్లేదు."

"ఆ కత్తెర దాచిన దేవుడికి దండం. ఎవరికిచ్చావు?"

"పొద్దుటి ప్రార్థనయ్యాక బయటికొచ్చిన వాళ్లందరికీ. ఎంత సంతోషపడ్డారో! అమ్మగారి మనసు కరిగింది, ఇంటికొకటి తెప్పించారు అని చెప్పాను. పొరపాటేమన్నా అయిందా?"

జగోర్కా గేటుకు ఆనుకుని నిలబడింది. నర్సరీ వాళ్ల చుట్టూ రెండేళ్లు తిరిగితే వచ్చిన మొక్కలు. ఈ కొండల్లోనే ఏరిన కాయలతో పెంచిన మన ఓక్. కుండీలు లేవు, వేళ్లకు అంటి ఒక్క పిడికెడు మట్టి లేదు, తడి గోనెలో చుట్టి పంపిన నలభై మొక్కలు. వేళ్లు గాలికి ఆరితే అక్కడికక్కడే చస్తాయి. ఆరకుండా బతికినవి పొద్దుగూకాక పొయ్యిలో చస్తాయి. అప్పటిదాకా ఊరి ఆనవాయితీ ప్రకారం గుమ్మం పక్కన గోడకు ఆనించి ఉంటాయి.

"పద," అంది జగోర్కా. "తడి గోనె తీసుకో, చేతిబండి తీసుకో. అన్నీ వెనక్కి తేవాలి."

మొదటి ఇల్లు స్టామెనా బామ్మది. ఎనభై దాటిన మనిషి. భర్త పోయాక పండగ కొమ్మ తెచ్చి పెట్టే దిక్కు లేక మూడేళ్లుగా ఒట్టి పొయ్యి ముందే కూర్చుంది. జగోర్కా గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఆవిడ రెండు చేతులతో ముఖం పట్టుకుని ఏడ్చింది.

"నువ్వు కన్నబిడ్డ కన్నా ఎక్కువే తల్లీ! నా పొయ్యికి మళ్లీ కళ తెచ్చావు."

ఇలాంటి మనిషి దగ్గర ఇచ్చినది లాక్కోవడానికి జగోర్కాకే కాదు, పన్ను వసూలు చేసే వాళ్లకు కూడా చేయి రాదు. మిలెంతియె వెనకనుంచి దగ్గాడు.

"బామ్మా, అది... అది చిన్నది," అంది జగోర్కా. "నీకు అంత సన్నటిదేం బాగుంటుంది? ఇంకా మంచిది ఇస్తాను. దాన్ని ఇలా ఇవ్వు."

"మంచిదంటే?"

"చర్చి బద్న్యాక్‌లోంచే ఒక ముక్క."

ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. స్టామెనా బామ్మ కళ్లు మాత్రం మెరిశాయి. చర్చి బద్న్యాక్ అంటే అటవీ శాఖ వాళ్లు గాలికి పడిపోయిన చెట్టును ఇస్తే ట్రాక్టర్ మీద తెచ్చుకున్నది. లావాటి ఆకుల కొమ్మలు ఎన్నో ఉన్నాయి, నిలువెత్తు మనిషికి మూడింతల పొడుగు. చర్చి గోడకు ఆనించి ఉంది. జగోర్కా, మిలెంతియె రంపం చెరోవైపు పట్టుకుని పక్క కొమ్మలోంచి ఒక జానెడు ముక్క కోశారు. జానెడు పోతే ఎవరికి తెలుస్తుంది?

తెలిసింది. బామ్మ ఇంటికి ముక్క చేరేలోపే పక్కింటికి కబురు చేరింది. పక్కింటి విదోసావా తన మొక్కను రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో ఎదురు చూస్తోంది.

"బామ్మకు చర్చి ముక్క ఇచ్చారటగా. మాకూ అదే కావాలి. మా ఇంట్లో ఏడుగురం, ఆవిడొక్కతే. అందుకు తగ్గట్టు కోయండి."

"విదోసావా, ఇది కర్ర పంపకం కాదమ్మా..."

"కాదనే నేనూ అంటున్నాను. అన్యాయం మాత్రం వద్దు."

రెండో ముక్క జానెడున్నర అయింది. దాన్ని భుజాన పెట్టుకుని జగోర్కా గుమ్మంలోకి రాగానే, విదోసావా అత్తగారు ఎదురుగా నిలబడి దోసిలితో గోధుమలు ఆవిడ నెత్తిన పోసింది. బద్న్యాక్ తెచ్చిన మనిషికి గోధుమలు చల్లడం ఆచారం. సాయంత్రం చేయాల్సిందే అయినా, తెచ్చింది ఫాదర్ గారి భార్య కదా అని ఆవిడ ఆగలేకపోయింది. ఆ తర్వాత పంచదార వేసి కాచిన వేడి సారా ఒక గ్లాసు. కాదంటే ఇంటికి అరిష్టమట.

ఇక ప్రతి గుమ్మంలోనూ అదే వరస. మొక్క ఇస్తారు, ముక్క కొలుస్తారు, గోధుమలు పోస్తారు, సారా తాగిస్తారు. ముక్కలు మాత్రం ఇంటింటికీ పెరుగుతూ పోయాయి. ఎందుకంటే ముందు ఇంటి ముక్క ఎంతుందో ప్రతివాళ్లకూ తెలుసు. మొక్క అసలే అందనివాళ్లు కూడా వచ్చి, "మేమేం పాపం చేశాం?" అని అడిగారు. వాళ్లకీ కోయాల్సి వచ్చింది. మధ్యాహ్నం దాటేసరికి జగోర్కా తలగుడ్డ మడతల్లో, కాలర్లో, జేబుల్లో గోధుమలే. వెనకాల కోళ్ల గుంపొకటి విడవకుండా నడుస్తోంది.

"ఉష్!" అని మిలెంతియె వాటిని తోలబోయాడు.

"వాటినేం అనకు," అంది జగోర్కా, గ్లాసుల లెక్క తప్పాక మెత్తబడిన గొంతుతో. "ఏమీ అడక్కుండా నాతో వస్తున్నవి ఈ ఊళ్లో అవే."

పొద్దు వాలేముందు మొక్కలన్నీ నేలమాళిగ చేరాయి. వేళ్లకు చుట్టిన గడ్డి విప్పి, కాసేపు నీళ్ల తొట్టిలో ఉంచి, తడి ఇసుకలో వరసగా పెట్టింది. పెడుతూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. సారా మీద అనుమానంతో మిలెంతియెతో కూడా లెక్కపెట్టించింది. ఒకటి తక్కువ.

"ఎవరిల్లయినా వదిలేశామా?"

"ఒక్కటీ వదల్లేదమ్మగారూ," అన్నాడు మిలెంతియె. కాస్త ఆగి, "ఒబ్రాద్ ఇంటికి మాత్రం వెళ్లలేదు. అతనికి నేనివ్వలేదు కాబట్టి."

జగోర్కా మెట్లెక్కి వీధిలోకి చూసింది. ఒబ్రాద్ పెరట్లోంచి పొగ లేస్తోంది. ఊళ్లో ఎవరూ ఇంకా పొయ్యిలో కొమ్మ పెట్టలేదు. ఆవిడ నేరుగా వెళ్లి పెరటి తలుపు తోసింది. ఒబ్రాద్, అతని వియ్యాలవారు, ఇద్దరు పక్కింటివాళ్లు చలిలో నిలబడి, మరునాటి విందుకు నిప్పు మీద తిరుగుతున్న పందిని చూస్తున్నారు.

"నా మొక్క ఇవ్వు, ఒబ్రాద్."

"ఏ మొక్క?"

"గేటు దగ్గర నుంచి ఎత్తుకొచ్చిన మొక్క. నిషేధం మీద కోపంతో కావాలనే కాల్చావు కదూ! నువ్వు కాకపోతే ఈ ఊళ్లో ఇంకెవరికి ఆ ధైర్యం ఉంది?"

ఒబ్రాద్ పంది మీద సారా చల్లుతున్న చేయి ఆపాడు. వియ్యంకుడి వైపు ఒకసారి చూశాడు. మొదటిసారి కొత్త చుట్టాలు పండగకు వచ్చారు.

"ఇది బీచ్ చెట్టు కట్టె, ఓక్ కాదు, అమ్మగారూ," అన్నాడు మెల్లగా. "నేను పొద్దున చర్చికే రాలేదు. చాలా తప్పులు చేశాను, ఒప్పుకుంటాను. ఇది మాత్రం చేయలేదు."

"చేసినవాడు చేశానంటాడా?" అని జగోర్కా గిర్రున తిరిగి వచ్చేసింది. కోళ్లు మాత్రం పంది దగ్గర కాసేపు ఆగి వచ్చాయి.

చర్చి దగ్గరికి తిరిగి వచ్చాక ఆవిడకు అసలు సంగతి కనిపించింది. గోడకు ఆనించిన బద్న్యాక్ ఉన్న చోట ఆకుల కుచ్చు ఒకటి, కింద రంపపు పొట్టు కుప్ప. కుచ్చు పట్టుకుంటే చీపురుకు సరిపోతుంది. అప్పుడే గంట మోగింది. చేతుల్లో కొవ్వొత్తులతో ఊరంతా ఆవరణలోకి వచ్చింది. ఫాదర్ గవ్రిలో బంగారు అంచు వస్త్రాలు వేసుకుని, ఒక చేత ధూపం, ఇంకో చేత బద్న్యాక్ మీద పోసే ఎర్ర ద్రాక్షసారా, తేనె పట్టుకుని గంభీరంగా బయటికి వచ్చాడు. పాట అందుకోబోయి ఆగాడు. గోడ వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ నెత్తిన గోధుమలు కొవ్వొత్తి వెలుగులో మెరుస్తున్నాయి.

"బద్న్యాక్ ఏది?" అన్నాడు గొంతు తగ్గించి.

తప్పించుకునే దారి లేదు. జగోర్కా మెట్టెక్కి అంతా చెప్పింది. మొక్కల గురించి, మిలెంతియె గడ్డి గురించి, ఒకరికి జానెడు అంటే ఇంకొకరు జానెడున్నర అడగడం గురించి. "ముక్కలు చేసి ఇచ్చేశాను. మీకు ఇచ్చింది తీసుకోబోయి, చర్చిది ఇచ్చేశాను. ఇప్పుడు కాల్చుకోవడానికి ఏమీ లేదు. తప్పు నాది," అంది.

ముందు కదిలింది స్టామెనా బామ్మ. తన జానెడు ముక్కను కొంగులోనే పెట్టుకుని తిరుగుతోంది కాబోలు, తీసి, ఆవరణలో బద్న్యాక్ కాల్చే రాతి గుండం మధ్యలో పెట్టింది. "నా పొయ్యి ఇంకో ఏడాది ఆగుతుందిలే," అంది. విదోసావా కాసేపు ఓపిక పట్టింది. అందరూ తనవైపే చూస్తున్నారని తెలిశాక మొగుణ్ని ఇంటికి పరిగెత్తించింది. ఒక్కొక్కళ్లే వెళ్లి తెచ్చారు. వెనకవాళ్ల ముక్కలు పెద్దవి కాబట్టి కుప్ప త్వరగానే పెరిగింది. చివర్లో ఒబ్రాద్ వచ్చాడు. అతనికి చర్చి ముక్క దక్కలేదు. పెరట్లోంచి తెచ్చిన బీచ్ దుంగ ఒకటి కుప్ప పక్కన పడేసి, ఎవరి ముఖమూ చూడకుండా వెనక్కి నడిచాడు. జగోర్కా చూపు దించుకోలేదు. ఇంకా అతని మీద కోపంగానే ఉంది.

మంట అందరి ఇళ్ల కంటే ఎత్తుగా లేచింది. ఫాదర్ గవ్రిలో గొంతు ఆ సాయంత్రం ఎందుకో బాగా పలికింది.

ఆవరణ ఊడ్చి, మిలెంతియెను పంపేసి జగోర్కా ఇల్లు చేరేసరికి భర్త అప్పటికే వచ్చి ఉన్నాడు. పండగ రాత్రి ఆచారం ప్రకారం నేల మీద గడ్డి పరిచాడు, వాల్‌నట్లు చల్లాడు. చేపలు కూడా తనే వేయించాడు. ఒక వైపు మాడాయి. పొయ్యి తలుపు తెరిచి ఉంది. దాని ముందు చిన్న స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పిల్లాడిలా లోపలికి చూస్తున్నాడు.

"రా, కూర్చో," అన్నాడు. "పొద్దున్నే చూశాను. వాన్‌లోంచి దించగానే మొదట నేనే వెళ్లాను. అన్నింట్లోకీ తిన్ననిది ఏరి దాచాను. ఇందాక ప్రార్థనకు వచ్చే ముందే పొయ్యిలో పెట్టేశాను."

జగోర్కా పొయ్యిలోకి వంగి చూసింది. "ఏమిటి పెట్టారు?"

"నా కోసమే తెప్పించావని నాకు తెలుసు. నేనేమీ అనకపోయినా నీకు తెలిసింది కదా! మా తాత పెట్టాడు, మా నాన్న పెట్టాడు, ఈ ఏడు నా పొయ్యి ఒట్టిదవుతుందని మనసులో ఎంత బాధ పడ్డానో! ఊరందరికీ ఇస్తే నాకు ఒక్కడికే ఇచ్చినట్టు కనపడదని అలా చేశావనుకున్నాను."

"మరి నేను మెట్టెక్కి చెప్పింది విన్నారా?"

"విన్నాను," అన్నాడు ఫాదర్ గవ్రిలో. గొంతు చిన్నదైంది. "మొక్కలు అన్నప్పుడు కొంచెం అనుమానం వచ్చింది. అప్పటికే సగం కాలిపోయింది."

జగోర్కా ఆయనను తిట్టబోయింది. ఆయన ముఖం చూసి, స్టూలు పక్కనే నేల మీద గడ్డిలో కూర్చుంది. తలగుడ్డ విప్పితే గోధుమలు జలజలా రాలాయి. ఇద్దరూ మాడిన చేపలు తిన్నారు. పొయ్యిలో చివరి ఆకు చిటపటమని కాలింది. కాసేపటికి ఆవిడ తల పట్టుకుంది.

"దేవుడా! ఒబ్రాద్!"

పండగ తెల్లవారగానే ఆవిడ చర్చి గేటు దగ్గర అందరికంటే ముందు వచ్చి నిలబడింది. వియ్యాలవారితో కలిసి ఒబ్రాద్ వస్తుంటే దారికి అడ్డం వెళ్లింది.

"క్రీస్తు జన్మించాడు, ఒబ్రాద్."

"నిశ్చయంగా జన్మించాడు," అన్నాడతను, ఆ పండగ పలకరింపుకు జవాబివ్వక తప్పదు కాబట్టి.

"నిన్న మీ వాళ్లందరి ముందూ నిన్ను దొంగని చేశాను. అందుకే వాళ్ల ముందే చెబుతున్నాను. ఆ మొక్క కాలింది మా ఇంటి పొయ్యిలో. నన్ను క్షమించు."

చుట్టూ జనం గుమిగూడారు. ఎవరో ఫక్కున నవ్వారు. ఒబ్రాద్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నాకు తెలుసమ్మగారూ. నిన్న సాయంత్రం మీ ఇంటి ముందు నుంచే వెళ్లాను. పొగగొట్టంలోంచి ఓక్ ఆకుల వాసన గుప్పుమంది."

"తెలిసి మంట దగ్గర అందరి ముందూ అనలేదేం?"

"మాకు ఇంకా పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది," అన్నాడు ఒబ్రాద్. "పెళ్లి చేసేది ఫాదర్ గారేగా."

వియ్యంకుడు పెద్దగా నవ్వి ఒబ్రాద్ భుజం తట్టాడు. జగోర్కా ఆచారం ప్రకారం అతన్ని బుగ్గల మీద మూడుసార్లు ముద్దు పెట్టుకుంది. అతని దగ్గర సారా వాసన వేసింది. ఆవిడ దగ్గర ఇంకా ఎక్కువ వేసింది.

నేల మెత్తబడిన వారం ఊరంతా గునపాలతో కొండెక్కింది. పూట సేపైనా తమ గుమ్మంలో నిలిచిన మొక్క కదా, ఎవరి మొక్క వాళ్లే నాటుతామన్నారు. అన్నీ ఒకే రకం పుల్లలు. ఐనా ప్రతివాళ్లూ తమదేదో గుర్తు పట్టామన్నారు. విదోసావా ఎంచుకున్నది అన్నింట్లోకీ పొడుగు. నేల కింద బండ లేని చోట్లు ఒబ్రాద్‌కే తెలుసు. వేళ్లు మడత పడకుండా లోతుగా గుంతలు తవ్వి పెట్టాడు. జగోర్కా ప్రతి మొక్కా చేత్తో పట్టుకుని, వేళ్లు విప్పి పరిచి, మట్టి కాలితో నొక్కించింది. ఫాదర్ గవ్రిలోకు నీళ్లు మోసే పని అప్పగించారు. ఆయన కిక్కురుమనకుండా మోశాడు.

మే నెలలో నర్సరీ నుంచి ఫోను వచ్చింది. ఎన్ని బతికాయని అడిగారు. ముప్పై తొమ్మిదీ చిగురు వేశాయని జగోర్కా చెప్పింది. అంత బాగా ఎక్కడా బతకలేదని అవతలి మనిషి ఎంతో మెచ్చుకున్నాడు.

"పోయిన ఆ ఒక్కటి దేని నోట పడింది? జింకా, కుందేలా?"

"మా ఆయన," అంది జగోర్కా.